తీసేసిన లెటర్‌లో "మిస్‌కాండక్ట్" అని రాస్తే అన్‌ఎంప్లాయ్‌మెంట్ రాదా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. డాలస్ దగ్గర ఒక క్లినిక్‌లో బిల్లింగ్ పని, హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళ జీవిత భాగస్వామికి ఇచ్చే పని అనుమతి కార్డు) మీద. కొన్నిసార్లు ఆలస్యంగా వెళ్ళారు, ఒకసారి రాతపూర్వకంగా వార్నింగ్ ఇచ్చారు. ఇన్సూరెన్స్ క్లెయిముల్లో కోడ్‌లు తప్పు పడుతున్నాయని మేనేజర్ రెండు మూడుసార్లు అన్నారు. చివరికి బాబుకి జ్వరం వచ్చిందని పొద్దున్నే ఫోన్ చేసి సెలవు పెట్టిన మర్నాడు ఉద్యోగంలోంచి తీసేశారు. లెటర్‌లో "పాలసీ ఉల్లంఘన, మిస్‌కాండక్ట్" (దుష్ప్రవర్తన) అని ఉంది. తెలిసినవాళ్ళంతా "ఫైర్ చేస్తే అన్‌ఎంప్లాయ్‌మెంట్ రాదు, పైగా అప్లై చేస్తే గ్రీన్ కార్డుకి దెబ్బ" అంటున్నారు. ఇంతేనా?

ముందు జవాబు చెప్పేస్తాను. వెంటనే అప్లై చేయండి. ఫైర్ చేస్తే అన్‌ఎంప్లాయ్‌మెంట్, అంటే నిరుద్యోగ భృతి, రాదన్నది తప్పు. మిస్‌కాండక్ట్ వల్ల తీసేస్తే రాదన్నది నిజమే కానీ, అది మిస్‌కాండక్టో కాదో తేల్చేది మీ మేనేజర్ కాదు, లెటర్ రాసిన హెచ్‌ఆర్ కాదు. టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్, అంటే టీడబ్ల్యూసీ తేలుస్తుంది. మీరు చెప్పింది చెప్పినట్టే జరిగి ఉంటే మీ కేసు బలంగానే ఉంది. గ్రీన్ కార్డు సంగతి చివర్లో చెబుతాను.

నేను చాలా ఏళ్ళు టెక్సస్‌లో హెచ్‌ఆర్‌లో పనిచేశాను. అంటే ఇలాంటి కేసుల్లో కంపెనీ తరఫున కూర్చుని "ఈమెకు భృతి ఇవ్వకూడదు" అని వాదించినదాన్ని. ఇప్పుడు కన్సల్టింగ్ చేస్తున్నాను, అప్పుడప్పుడు మనవాళ్ళకి కాగితాలు చూసిపెడుతుంటాను. లాయర్‌ని కాదు. అటువైపు నుంచి ఆట ఎలా ఆడతారో తెలిసినదాన్ని.

మనవాళ్ళకి ఇక్కడ తికమక ఎందుకొస్తుందో కూడా తెలుసు. ఇండియాలో ఫ్యాక్టరీలోనో బ్యాంకులోనో ఒక మనిషిని దుష్ప్రవర్తన కింద తీసెయ్యాలంటే ఛార్జిషీట్, సంజాయిషీ, డొమెస్టిక్ ఎంక్వైరీ అని పెద్ద తతంగం ఉంటుంది. కాబట్టి లెటర్‌లో ఆ మాట కనిపిస్తే ఏదో విచారణ జరిగి నేరం రుజువైపోయినట్టు మనకి అనిపిస్తుంది. ఇక్కడ మాంటానా తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ అట్-విల్ ఉద్యోగాలే. కారణం ఉన్నా లేకపోయినా, వివక్ష లాంటి చట్టవిరుద్ధమైన కారణం కానంత వరకు, తీసెయ్యొచ్చు. ఆ లెటర్ కంపెనీ తన గురించి తాను రాసుకున్న కాగితం. దానికి అంతకు మించి విలువ లేదు.

అసలు తేడా ఇక్కడుంది. తీసెయ్యడానికి ఏ కారణమైనా చాలు. భృతి ఆపడానికి మాత్రం మీ తప్పు కావాలి, అదీ మీ చేతిలో ఉన్న తప్పు. ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలని గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఈ భృతి 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టంతో దేశమంతా వచ్చింది. కేంద్రం చట్రం పెట్టింది, నడిపేది రాష్ట్రాలు. టెక్సస్‌లో దీనికి కట్టే పన్ను పూర్తిగా కంపెనీదే. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, అలాస్కాల్లో మాత్రం ఉద్యోగి జీతంలోంచి కూడా కొంత కోస్తారు. కంపెనీ మనుషులు ఎంతమంది భృతి తీసుకుంటే కంపెనీ పన్ను రేటు అంత పెరిగే అవకాశం ఉంటుంది. మీ క్లినిక్ ఎందుకు అడ్డు పడుతుందో దీన్నిబట్టి అర్థమై ఉంటుంది. చాలా కంపెనీలు ఈ పని బయటి ఏజెన్సీలకి అప్పజెబుతాయి. వాళ్ళు మీ మొహం కూడా చూడకుండానే ఒక ఫారంలో "మిస్‌కాండక్ట్" అని టిక్ పెడతారు. అది చూసి మనసు పాడు చేసుకోకండి, మీమీద కక్ష కూడా కాదు.

మిస్‌కాండక్ట్ అంటే ఏమిటన్నదానికి దేశం మొత్తం ఇప్పటికీ వెనక్కి తిరిగి చూసే తీర్పు ఒకటుంది. 1941లో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు ఇచ్చింది, ఒక టాక్సీ కంపెనీకీ దాని డ్రైవర్‌కీ మధ్య కేసు, బోయింటన్ క్యాబ్ అంటారు. అందులో కోర్టు చెప్పిన సారం: యజమాని ప్రయోజనాలని కావాలని, లెక్కలేనట్టు కాలరాస్తే మిస్‌కాండక్ట్. అజాగ్రత్త కూడా మిస్‌కాండక్ట్ అవుతుంది, కానీ అది దురుద్దేశంతో సమానం అనిపించేంత తీవ్రంగానో, పదే పదేనో ఉండాలి. పని సరిగా రాకపోవడం, చేతకాకపోవడం, ఎప్పుడో ఒకసారి పొరపాటు పడటం, మంచి ఉద్దేశంతోనే తీసుకున్న నిర్ణయం బెడిసికొట్టడం, ఇవేవీ మిస్‌కాండక్ట్ కావు. చాలా రాష్ట్రాలు ఈ మాటలనే కొద్దిగా మార్చి వాడుకుంటున్నాయి.

టెక్సస్ చట్టం పైకి చూస్తే ఇంతకంటే కఠినంగా కనిపిస్తుంది. లేబర్ కోడ్ 201.012 ప్రకారం పనిని సరిగా నిర్వహించకపోవడం, ఎదుటివాళ్ళ ప్రాణానికో ఆస్తికో ముప్పు తెచ్చే నిర్లక్ష్యం, కావాలని చేసిన తప్పు, కావాలని చట్టాన్ని మీరడం, పని పద్ధతిగా, భద్రంగా సాగడానికి పెట్టిన రూల్‌ని అతిక్రమించడం, ఇవన్నీ మిస్‌కాండక్టే. మొదటి ముక్క చూసి కంపెనీలు ఉబ్బిపోతాయి. పని బాగా చేయలేదు కాబట్టి మిస్‌కాండక్ట్ అని వాదిస్తాయి. కానీ 1986లో టెక్సస్ సుప్రీంకోర్టు మెర్సర్ వర్సెస్ రాస్ కేసులో ఆ దారి మూసేసింది. ఉద్దేశమైనా ఉండాలి, లేదా ఏమైతే నాకేంటి అన్నంత నిర్లక్ష్యమైనా ఉండాలి, యజమానికి నచ్చేలా పని చేయలేకపోవడం ఒక్కటే చాలదు అంది. మీ కోడ్‌ల తప్పులు ఈ గొడుగు కిందకి వస్తాయి. చేతనైనంత జాగ్రత్తగా చేశారు, అయినా తప్పులు పడ్డాయి. అది అసమర్థత అనుకుంటే అనుకోనివ్వండి, ఈ విషయంలో ఆ మాట మీకు మేలే చేస్తుంది. హియరింగ్‌లో చాలామంది పరువు కోసం "నేను అద్భుతంగా చేశాను, నాకేం రాదని అంటారా" అని గొడవ పడతారు. వద్దు. "నాకు చేతనైనంత చేశాను, కావాలని ఏ తప్పూ చేయలేదు" అంటే సరిపోతుంది.

ఇక ఆలస్యాలు. మీ కేసులో కంపెనీకి పట్టు దొరికేది ఇక్కడే. రూల్ ఉంది, మీకు తెలుసు, వార్నింగ్ మీద సంతకం పెట్టారు. ఆ తర్వాత కూడా ఏ కారణం లేకుండా ఆలస్యంగా వెళ్ళి, ఆ ఆలస్యం వల్లే తీసేసి ఉంటే నేను ఇంత ధైర్యంగా చెప్పేదాన్ని కాదు. అయితే టీడబ్ల్యూసీ చూసేది మొత్తం చరిత్రను కాదు, ముందుగా చివరి సంఘటనను. ఏ పనికి తీసేశారు, అది తీసేసిన రోజుకి దగ్గర్లో జరిగిందా, ఆ పనికి ఉద్యోగం పోతుందని మీకు తెలుసా లేదా తెలిసి ఉండాల్సిందా. ఇవన్నీ రుజువు చేయాల్సిన భారం కంపెనీదే. మీ విషయంలో చివరి సంఘటన బిడ్డకి ఒంట్లో బాగాలేక, షిఫ్ట్ మొదలవక ముందే ఫోన్ చేసి చెప్పి పెట్టిన సెలవు. అనారోగ్యం కారణంగా, పద్ధతి ప్రకారం ముందే చెప్పి రాకపోతే దాన్ని సాధారణంగా మిస్‌కాండక్ట్‌గా తీసుకోరు. పాత ఆలస్యాలు ఎన్ని ఉన్నా, ఆఖరి గడ్డిపోచ మీ తప్పు కానప్పుడు కంపెనీ వాదన నిలవడం కష్టం.

నేను కంపెనీ వైపు ఉండగా సరిగ్గా ఇలాగే ఒక కేసు ఓడిపోయాం. గోడౌన్‌లో పనిచేసే ఒకాయన ఫైలు నిండా లేట్ మార్కులే. ఆఖరి రోజున ఆస్పత్రికి వెళ్తున్నానని సూపర్‌వైజర్‌కి మెసేజ్ పెట్టాడు. సూపర్‌వైజర్‌కి అప్పటికే విసుగొచ్చి ఉంది, తీసేశాడు. రెండు రోజులు ఆగి మళ్ళీ ఊరికే ఆలస్యంగా వచ్చాక తీసేసి ఉంటే బహుశా మేమే గెలిచేవాళ్ళం. హియరింగ్ ఆఫీసర్ ఆ మెసేజ్ గురించి అడిగాక మా దగ్గర చెప్పడానికేం మిగల్లేదు.

ఇలా అంటే ప్రతివాళ్ళకీ వచ్చేస్తుందని అనుకోకండి. ఒక్క వార్నింగ్ కూడా లేకపోయినా, ఒక్కసారే చేసినా భృతి పోయే పనులున్నాయి. చేయని గంటలు టైమ్‌షీట్‌లో రాసుకోవడం, స్నేహితుడి చేత బ్యాడ్జి స్వైప్ చేయించడం, దొంగతనం (పది డాలర్ల వస్తువైనా సరే), కొట్లాట, లైంగిక వేధింపు, తాగి పనికి రావడం, పేషెంట్ల వివరాలో కస్టమర్ల డేటానో బయటికి పంపడం. ఇవి తప్పని తెలియడానికి ఎవరూ వార్నింగ్ ఇవ్వక్కర్లేదు. టైమ్‌షీట్ల విషయంలో "అందరూ చేస్తున్నారు" అన్న వాదన నేను చూసినంతలో ఎప్పుడూ పనిచేయలేదు. ఇంటి నుంచి పని చేస్తూ ఒకే వేళల్లో రెండు ఫుల్‌టైమ్ ఉద్యోగాలు చేసి దొరికిపోయిన కుర్రాళ్ళు కూడా ఈ మధ్య నా దగ్గరికి వస్తున్నారు. ఒకే గంటకి ఇద్దరి దగ్గరా జీతం తీసుకున్నట్టు రికార్డు ఉంటే నేను వాళ్ళకి పెద్దగా ఆశ పెట్టను.

భద్రతా నియమాల విషయంలో కూడా టెక్సస్ మెతకగా ఉండదు. ఫోర్క్‌లిఫ్ట్ మీద బెల్ట్ పెట్టుకోవాలని ట్రైనింగ్ ఇచ్చి, సంతకం తీసుకుని, ఒకసారి హెచ్చరించాక కూడా పెట్టుకోకపోతే అది ఉద్దేశపూర్వకంగానే లెక్క. ఇటువంటి కేసులు మేము దాదాపు ఎప్పుడూ గెలిచేవాళ్ళం.

ఇంకోవైపు, పై అధికారి మనస్సాక్షి లేనట్టు ప్రవర్తిస్తే దానికి బదులుగా ఉద్యోగి చేసిన పనిని మిస్‌కాండక్ట్ అనకూడదని ఆ 201.012 లోనే ఉంది. దీన్ని పెద్దగా ఎవరూ వాడుకోరు. మీకు అవసరం పడదనుకుంటాను.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు మాటలు. కాలిఫోర్నియా ఉద్యోగి వైపు కాస్త మొగ్గుతుంది. కంపెనీ రాతపూర్వకంగా వేరేలా చెప్పనంత వరకు మిస్‌కాండక్ట్ లేదనే చట్టం అనుకుంటుంది. వార్నింగ్ మెమో మీద సంతకం పెట్టనన్నందుకు తీసేసిన ఒక డ్రైవర్ కేసు (పారాట్రాన్సిట్ కేసు) 2014లో అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని ఆయన అనుకున్నాడు. అది మంచి ఉద్దేశంతో పడిన పొరపాటు, మిస్‌కాండక్ట్ కాదని కోర్టు తేల్చింది. దీన్ని నమ్ముకుని టెక్సస్‌లో మెమోలు తిరగ్గొట్టకండి. సంతకం పెట్టి పక్కన "అందింది, ఇందులోని విషయాలు ఒప్పుకోవడం లేదు" అని రాయండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

న్యూజెర్సీలో మామూలు మిస్‌కాండక్ట్‌కి శిక్ష శాశ్వతం కాదు. తీసేసిన వారం, ఆ తర్వాత ఐదు వారాలు భృతి ఆగుతుంది, తర్వాత మొదలవుతుంది. నేరం కింద వచ్చే పని అయితే గ్రాస్ మిస్‌కాండక్ట్, అది వేరే లెక్క. మధ్యలో "సివియర్ మిస్‌కాండక్ట్" అని ఇంకో మెట్టు ఉండేది, 2018లో తీసేశారు. పాత వెబ్‌సైట్లు చూసి కంగారు పడేవాళ్ళు ఎడిసన్ నుంచి ఇంకా ఫోన్ చేస్తూనే ఉన్నారు. టెక్సస్‌లో ఇలా వారాల లెక్క లేదు. మిస్‌కాండక్ట్ అని తేలితే మళ్ళీ ఎక్కడో చేరి ఆరు వారాలు పనిచేయాలి, లేదా వారపు భృతికి ఆరు రెట్లు సంపాదించాలి. అప్పటిదాకా ఏమీ రాదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. అప్లికేషన్‌లో ఉద్యోగం ఎందుకు పోయిందన్న చోట "లేఆఫ్" అని రాయకండి. మనవాళ్ళు సిగ్గుపడి రాసేస్తుంటారు. కంపెనీ ఫైర్ అని చెబుతుంది, మీరు లేఆఫ్ అంటారు, రావాల్సిన భృతి పోయి ఫ్రాడ్ అన్న అనుమానం మిగులుతుంది. ఫ్రాడ్ అని తేలితే తీసుకున్న డబ్బు తిరిగి కట్టడంతో పాటు కనీసం 15 శాతం జరిమానా కేంద్ర చట్టంలోనే ఉంది. ఫైర్ అని రాసి, జరిగిన చివరి సంఘటన తేదీతో సహా నాలుగు వాక్యాల్లో చెప్పండి. క్లినిక్‌లో ఎవరు ఎవరితో పడరు, మేనేజర్ ఎవరిని వెనకేసుకొస్తారు, ఇవన్నీ అక్కడ అక్కర్లేదు. బాబు డాక్టర్ రసీదు, ఆ రోజు పొద్దున మీరు చేసిన ఫోన్ కాల్ స్క్రీన్‌షాట్ ఇవాళే తీసి దాచుకోండి.

"రాజీనామా అని రాసుకుందాం, మీ రికార్డు శుభ్రంగా ఉంటుంది" అని క్లినిక్ వాళ్ళు ఇప్పుడు మెత్తగా ఫోన్ చేస్తే ఒప్పుకోకండి. దాని వల్ల రికార్డు సంగతేమో గానీ, మీ అంతట మీరే మానేసినట్టవుతుంది, మంచి కారణంతో మానేశానని నిరూపించే బరువు మీ నెత్తిన పడుతుంది. "రాజీనామా ఇవ్వు, లేకపోతే తీసేస్తాం" అని అప్పటికే ఇప్పించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ మాటల్ని ఉన్నదున్నట్టు అప్లికేషన్‌లో రాయాలి. దాన్ని తీసెయ్యడం కిందే చూస్తారు.

మొదటి నిర్ణయం మీకు వ్యతిరేకంగా రావచ్చు. అది కాగితాలు చూసి, ఒకటి రెండు ఫోన్లు చేసి ఇచ్చే నిర్ణయం. టెక్సస్‌లో ఆ నోటీసు పంపిన తేదీ నుంచి 14 రోజుల్లోపు అప్పీల్ చేయాలి. మీ చేతికి అందిన రోజు నుంచి కాదు. (కాలిఫోర్నియాలో 30 రోజులిస్తారు.) అప్పీల్ నడుస్తున్నప్పుడు కూడా పేమెంట్ రిక్వెస్టులు మానకండి, ఉద్యోగం వెతుకుతున్న రికార్డు మానకండి. గెలిచాక వెనకటి డబ్బు మీరు రిక్వెస్ట్ పెట్టిన వారాలకే ఇస్తారు. గెలిచి కూడా ఆ వారాల డబ్బు పోగొట్టుకున్నవాళ్ళను నేను చూశాను.

హియరింగ్ ఫోన్‌లోనే జరుగుతుంది, ప్రమాణం చేయించి రికార్డు చేస్తారు. కావాలంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ముందే అడగండి, మీరు డబ్బు కట్టక్కర్లేదు. ఇంగ్లీషు బాగానే వచ్చినా టెన్షన్‌లో మాటలు తడబడతాయనుకుంటే మొహమాటం లేకుండా అడగండి. మీ కాగితాలు హియరింగ్‌కి ముందే ఆఫీసర్‌కీ, కంపెనీకీ ఇద్దరికీ అందాలి. కళ్ళతో చూసిన మనిషి చెప్పే మాటకి అక్కడ చాలా బలం ఉంటుంది. కంపెనీ తరఫున మిమ్మల్ని ఎప్పుడూ చూడని హెచ్‌ఆర్ మనిషి వచ్చి ఫైలు చదివితే, ప్రమాణం చేసి మీరు నేరుగా చెప్పేది దానికంటే బరువు తూగుతుంది. మేనేజర్‌ని లైన్‌లోకి తీసుకురాకపోవడం కంపెనీలు తరచూ చేసే తప్పు. మీ తరఫున మాత్రం మీవారు మాట్లాడకూడదు, మీరే మాట్లాడండి. ఆయన ఆ ఆఫీసులో లేరు కదా.

ఇంకో జాగ్రత్త. మొదట మీరు గెలిచి డబ్బు మొదలైనా, కంపెనీ అప్పీల్ చేసి గెలిస్తే తీసుకున్నది వెనక్కి అడుగుతారు. అప్పీల్ గడువు దాటేదాకా ఆ డబ్బులో కొంత ముట్టుకోకుండా ఉంచండి. కేంద్ర ప్రభుత్వానికి దీనిమీద ఆదాయపు పన్ను కూడా ఉంది. అప్పుడే 10 శాతం కోయించుకుంటే వచ్చే ఏడాది ఇబ్బంది పడరు.

వీసా సంగతి. హెచ్-4 ఈఏడీ చేతిలో ఉండి, అది చెల్లుతున్నంత కాలం మీరు ఎవరి దగ్గరైనా పని చేయొచ్చు. కాబట్టి "పని చేయడానికి అందుబాటులో ఉండాలి" అన్న షరతుకి మీకు అడ్డు లేదు. కార్డు గడువు మధ్యలో ముగిస్తే ఆ తర్వాతి వారాలకి రాదు, రెన్యువల్ తేదీ చూసుకోండి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళ కథ వేరు. ఉద్యోగం పోయాక వాళ్ళు కొత్త స్పాన్సర్ లేకుండా ఎవరి దగ్గరా చేరలేరు, అందుకని తప్పు లేకుండా లేఆఫ్ అయినా చాలా రాష్ట్రాల్లో వాళ్ళకి కుదరదు. వాళ్ళకున్నది 60 రోజుల వరకు గ్రేస్ పీరియడ్ మాత్రమే, దాన్ని ఉద్యోగం వెతకడానికే వాడుకోవాలి.

గ్రీన్ కార్డు అప్పుడు చూసే పబ్లిక్ ఛార్జ్ (ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అన్న) లెక్కలోకి నిరుద్యోగ భృతి రాదు. మీరు చేసిన పని మీద మీ యజమాని కట్టిన పన్నుతో వచ్చే బీమా అది, ఉచిత సాయం కిందకి రాదని ఇమిగ్రేషన్ వాళ్ళే స్పష్టంగా చెబుతారు. అప్లై చేసినందుకు మీవారి ఫైలుకి నష్టం లేదు. అబద్ధం చెప్పి తీసుకుంటే మాత్రం ఉంటుంది, అది వేరే విషయం.

టీడబ్ల్యూసీ నుంచి ఇప్పటికే ఏదైనా నోటీసు వచ్చి ఉంటే, పైన ఉన్న మెయిలింగ్ తేదీ, కారణం కింద రాసిన రెండు మూడు లైన్లు (పేర్లు కొట్టేసి) ఇక్కడ పెట్టండి. చూసి ఏ మాటకి ఎలా జవాబు రాయాలో చెబుతాను.